రెండు రిపోర్టులు, ఒక చిన్న ముక్క

విజయనగరంలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న ఒక సోదరి, తన పేరు రాయవద్దని కోరుతూ ఆరు పేజీల ఉత్తరం పంపారు. ఆమె పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక గ్రామం. అరవై రెండేళ్ళ తల్లి ముప్ఫై ఏళ్ళ పాటు పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళి, ఇప్పుడు పెద్దకొడుకు దగ్గర ఉంటున్నారు. ఆ తీరంలోని చాలామంది పెద్దవాళ్ళకు ఉన్నట్టే ఆమెకూ వయసులో ఉన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. రెండేళ్ళ కిందట దగ్గు, కఫంలో నెత్తురు జీర కనిపిస్తే, కఫం పరీక్షలో ఏమీ దొరకకపోయినా క్షయ అనుకుని ఆరు నెలలు మందులు వాడారు. దగ్గు తగ్గలేదు. ఈ వేసవిలో తీసిన సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి గాలిగొట్టాన్ని ఆనుకుని రెండున్నర సెంటీమీటర్ల గడ్డ కనిపించింది, చుట్టుపక్కల గ్రంథులు పెరగలేదని రాశారు. గాలిగొట్టంలోకి సన్నని గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీ చేసి ముక్క తీశారు.

చిక్కు అక్కడ మొదలైంది. మొదటి రిపోర్టు ‘స్మాల్ సెల్ కార్సినోమా’ అంది. అదే ముక్క మీద ప్రత్యేక రంగుల పరీక్షలు చేసిన రెండో ల్యాబ్, ‘న్యూరోఎండోక్రైన్ కణితి; కార్సినాయిడ్ కావచ్చు; కేఐ-67 సూచిక 6 శాతం; ముక్క చిన్నది, నలిగి ఉంది; మళ్ళీ బయాప్సీ గానీ మాలిక్యులర్ పరీక్ష గానీ చేయించడం మంచిది’ అని రాసింది. చికిత్స చేసే డాక్టరు వచ్చే వారమే కీమో మొదలుపెడదామంటున్నారు. అదే ఆసుపత్రిలో మరో డాక్టరు, ఇలాంటి కణితుల నిర్ధారణ కోసం జరుగుతున్న మాలిక్యులర్ పరిశోధనకు, అంటే కణితిలోని జన్యువులను చదివే పరిశోధనకు, మిగిలిన ముక్కను ఇవ్వడానికి సంతకం అడిగారు. అన్నగారు కీమో ఆపకూడదంటున్నారు. వదినగారికి ‘జన్యు పరీక్ష’ అనే మాట వింటేనే భయం, ఎందుకంటే మాఘమాసంలో కూతురి పెళ్ళి అనుకుంటున్నారు, వంశంలో జబ్బు ఉందన్న మాట బయటికి వస్తే సంబంధం తప్పిపోతుందని ఆవిడ బెంగ. మేనమామ మాత్రం, ‘మా అక్క మీద ప్రయోగాలు చేయనివ్వం’ అంటున్నారు. తల్లికి ఇంకా ఏమీ చెప్పలేదు, నిమ్ము అని చెప్పి తిప్పుతున్నారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో 1.8 ఉందని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు. ‘ఏ రిపోర్టు నమ్మాలి, సంతకం పెట్టాలా వద్దా, అమ్మకు చెప్పాలా వద్దా?’ అన్నవి ఆమె మూడు ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలా ఏళ్ళు కణజాలాన్ని పరీక్షించి రోగం పేరు తేల్చే పాథాలజీ విభాగంలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పనిచేసినవాణ్ణి కనుక, ఆ రెండు రిపోర్టులు రాసిన ఇద్దరి కళ్ళతోనూ మీ అమ్మగారి ముక్కను ఊహించుకోగలిగాను. ఉత్తరం చదివి రోగం పేరు తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు, అలా చేయకూడదు కూడా. అయితే ఏ ముడి ముందు విప్పాలో, దేని తర్వాత ఏది చేయాలో చెప్పగలను.

రెండు రిపోర్టులు పూర్తిగా వేరువేరు జబ్బులను చెబుతున్నాయని మీకు అనిపించింది. నిజానికి అవి ఒకే ఇంటిపేరున్న జబ్బులు. ఊపిరితిత్తుల్లో హార్మోన్లవంటి పదార్థాలను తయారుచేసే న్యూరోఎండోక్రైన్ కణాల లక్షణాలున్న కణితులను నాలుగు రకాలుగా విభజిస్తారు. టిపికల్ కార్సినాయిడ్, ఎటిపికల్ కార్సినాయిడ్, లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా, స్మాల్ సెల్ కార్సినోమా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 వర్గీకరణ వీటిని ఒకే గొడుగు కింద పెట్టింది. కానీ స్వభావంలో మొదటి రెంటికీ చివరి రెంటికీ పోలిక లేదు. కార్సినాయిడ్ సంవత్సరాల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఒకచోటే ఉంటే ఆపరేషన్‌తో తీసేయడమే దానికి ప్రధాన చికిత్స. స్మాల్ సెల్ వారాల్లో పెరుగుతుంది, త్వరగా పాకుతుంది, దానికి కీమో, రేడియేషన్, కొన్ని సందర్భాల్లో ఇమ్యునోథెరపీ. అందువల్ల ఈ పేరు తేలకుండా చికిత్స మొదలైతే, ఎటు పొరబడినా నష్టపోయేది మీ అమ్మగారే.

ఈ పొరపాటు ఎలా జరుగుతుందో మీకు కొంచెం వివరంగా చెప్పాలి. బ్రాంకోస్కోపీ చిమటా తెచ్చే ముక్క బియ్యపు గింజలో సగం ఉంటే గొప్ప. ఆ చిమటా పట్టు కిందే కణాలు నలుగుతాయి. నలిగిన చోట కేంద్రకాలు తమ ఆకారం పోగొట్టుకుని, కంటికి పెట్టిన కాటుకను బొటనవేలితో అలికినట్టు నల్లటి చారలుగా సాగిపోతాయి. స్మాల్ సెల్ కణాలు సున్నితం కాబట్టి అవి ఇలా సాగడం మామూలే; కానీ కార్సినాయిడ్ కణాలూ నలిగితే అచ్చం అలాగే కనిపిస్తాయి. పక్కన ‘చుట్ట అలవాటు ఉంది’ అన్న సమాచారం కూడా చేరితే చూసేవారి మనసు స్మాల్ సెల్ వైపు మొగ్గుతుంది, ఎందుకంటే పొగతో దానికి ఉన్న సంబంధం చాలా బలమైనది. అయితే చుట్ట కాల్చేవారికి కార్సినాయిడ్ రాకూడదన్న నియమమేమీ లేదు కదా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇటువంటి నలిగిన ముక్కనే చూసి, ఒక యువకుడికి స్మాల్ సెల్ అని సంతకం చేశాను. అతనికి రెండు విడతల కీమో అయ్యాక, వేరే ఊళ్ళో ఆపరేషన్ చేసి తీసిన గడ్డ కార్సినాయిడ్ అని తేలింది. ఆ అబ్బాయి బతికి బాగున్నాడు. కానీ ఆ రెండు నెలలు అతను పడిన యాతనకు నా సంతకమే కారణమన్న సంగతి నేను ఈనాటికీ మరువలేదు. మీ ఉత్తరానికి ఇంత పొడవుగా సమాధానం రాయడానికి అదీ ఒక కారణం.

ఇక కేఐ-67 సంగతి. అది విభజనకు సిద్ధమవుతున్న కణాలకు మాత్రమే అంటుకునే రంగు. నూటికి ఎన్ని కణాలకు అంటిందో లెక్కిస్తారు. స్మాల్ సెల్‌లో ఆ లెక్క సాధారణంగా 50 దాటుతుంది, తరచుగా 80, 90 దాకా వెళుతుంది. 6 శాతం అంటే స్మాల్ సెల్‌కు చాలా దూరం. ముక్క నలిగినా ఈ రంగు చాలావరకు నిలుస్తుంది కనుక, ఇలాంటి సందేహాల్లో మేము ఆధారపడేది దీనిమీదే. అయినా ఒక్క అంకెతో తేల్చవద్దని రెండో ల్యాబ్ వారు జాగ్రత్తపడ్డారు, అది వారి అసమర్థత కాదు, నిజాయితీ. ‘కావచ్చు’ అన్న మాటకు మరో కారణం కూడా ఉంది. టిపికల్, ఎటిపికల్ అని వేరుచేయాలంటే రెండు చదరపు మిల్లీమీటర్ల మేర విభజన చెందుతున్న కణాలను లెక్కపెట్టాలి. రెండు కంటే తక్కువ ఉండి, కణజాలం చచ్చిన జాడ లేకపోతే టిపికల్. రెండు నుంచి పది దాకా ఉన్నా, చచ్చిన జాడ ఉన్నా ఎటిపికల్. పది దాటితే మిగిలిన రెండు ఉగ్రరూపాలు. మీ అమ్మగారి ముక్కలో నలగని భాగం అంత మేర లేకపోతే ఎవరూ లెక్కపెట్టలేరు. కార్సినాయిడ్ అయితే, అది ఏ రకమో ఆపరేషన్ అయ్యాకే ఖాయంగా తెలుస్తుంది.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసి వదిలేసిన ఒక వాక్యం నాకు అన్నింటికంటే ముఖ్యమైనదిగా కనిపించింది. రెండేళ్ళ కిందట క్షయ అనుకున్నప్పుడు తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ‘కుడివైపు మచ్చ ఉందన్నారు’ అని రాశారు. ఆ ఫిల్మ్ ఇంట్లో ఎక్కడో, ట్రంకు పెట్టెలోనో బీరువా మీదో ఉండే ఉంటుంది. వెతకండి. ఇప్పటి గడ్డ ఉన్న చోటనే అప్పుడూ మచ్చ ఉండి, అది రెండేళ్ళలో పెద్దగా పెరగకపోతే, చికిత్స లేకుండా అంతకాలం స్మాల్ సెల్ అలా ఊరుకోవడం దాదాపు జరగని పని. అదే సమయంలో, గాలిగొట్టానికి అడ్డుపడిన కార్సినాయిడ్ వల్ల దగ్గు, నెత్తురు జీర, మళ్ళీమళ్ళీ నిమ్ము రావడం పుస్తకాల్లో రాసినంత మామూలు సంగతి. గ్రంథులు పెరగలేదన్న సీటీ మాట కూడా ఆ వైపే మొగ్గుతోంది. అప్పటి మచ్చ క్షయదే కావచ్చు, చోటు వేరే కావచ్చు. అది చూసి చెప్పవలసింది రేడియాలజిస్టు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ముందు చేయించండి.

ఇప్పుడు మాలిక్యులర్ పరిశోధన మాట. మీ మేనమామగారు దీన్ని ప్రయోగం అనుకున్నారు, మీ అన్నగారు ఆలస్యం అనుకున్నారు. ఈ పరిశోధన ఏం కనిపెట్టిందో తెలిస్తే ఇద్దరికీ సమాధానం దొరుకుతుంది. 2015లో 110 స్మాల్ సెల్ కణితుల జన్యువులను పూర్తిగా చదివి చూస్తే, దాదాపు అన్నింటిలోనూ టీపీ53, ఆర్‌బీ1 అనే రెండు కాపలా జన్యువులు పనిచేయకుండా పోయి ఉన్నాయి. అంతకు ఏడాది ముందు, 2014లో, కార్సినాయిడ్‌ల మీద వచ్చిన అధ్యయనంలో ఆ రెండూ దెబ్బతినడం అరుదని, వాటికి బదులు డీఎన్ఏ చుట్టుకునే తీరును నియంత్రించే ఎంఈఎన్1 వంటి జన్యువులు మారి ఉన్నాయని తేలింది. అంటే కార్సినాయిడ్ ముదిరి స్మాల్ సెల్ అవుతుందన్న పాత ఊహ నిలవలేదు. చాలావరకు అవి వేర్వేరు దారుల్లో పుట్టినవే. లార్జ్ సెల్ రకం కూడా లోపల రెండు తెగలుగా ఉందని, ఒక తెగ జన్యుపరంగా స్మాల్ సెల్‌ను పోలి ఉంటుందని, మరొకటి మామూలు ఊపిరితిత్తి క్యాన్సర్‌ను పోలి ఉంటుందని 2016 నుంచి తెలుస్తూ వచ్చింది. మీ ప్రశ్నకు దానితో ప్రస్తుతం పనిలేదు.

మీకు పనికొచ్చేది ఏమిటంటే, ఆ పెద్ద పరిశోధనల ఫలితం ఇప్పుడు చిన్న రంగు పరీక్షలుగా మామూలు ల్యాబ్‌లోకి దిగివచ్చింది. ఆర్‌బీ ప్రోటీన్ కణాల్లో ఉందా పోయిందా అన్నది ఒక రంగుతో తెలుస్తుంది. టీపీ53 జన్యువు తయారుచేసే పీ53 ప్రోటీన్ తీరు మరో రంగుతో తెలుస్తుంది. ఓటీపీ అనే మరొక రంగు ఊపిరితిత్తి కార్సినాయిడ్‌లలో ఎక్కువగా అంటుతుంది. కేఐ-67 తక్కువగా ఉండి, ఆర్‌బీ నిలిచి ఉండి, పీ53 మామూలుగా ఉంటే, స్మాల్ సెల్ అనడానికి ఆధారం మిగలదు. వీటికి పట్టేది మూడు నాలుగు రోజులు. జన్యువులను వరుసగా చదివే పెద్ద పరీక్షకు రెండు మూడు వారాలు పట్టవచ్చు, ఖర్చూ ఎక్కువే, నలిగిన చిన్న ముక్కలో తగినంత డీఎన్ఏ దొరక్క ఫలితమే రాకపోవచ్చు. కాబట్టి రెండో ల్యాబ్ వారు రాసిన ‘మాలిక్యులర్ పరీక్ష’ అన్న మాట చూసి వెంటనే ఖరీదైన పరీక్షకు డబ్బు కట్టవలసిన అవసరం లేదు.

అయితే ఈ పరీక్షలకూ పరిమితి ఉంది. సూక్ష్మదర్శిని కింద కార్సినాయిడ్‌లా కనిపిస్తూ, జన్యువుల తీరులోనూ నడవడిలోనూ ఉగ్రమైన రకాలను పోలిన అరుదైన కణితులు ఉన్నాయని 2019లో ప్రచురితమైన అధ్యయనం చూపించింది. మిమ్మల్ని సంతకం అడిగిన పరిశోధన వంటివి తేల్చవలసింది ఇటువంటి సరిహద్దు కేసులనే. ఈ కణితులు అరుదు. ఊపిరితిత్తి క్యాన్సర్లలో కార్సినాయిడ్‌లు నూటికి ఒకటి రెండు మాత్రమే. ఒక్కో ముక్కకూ అందుకే అంత విలువ.

మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి. డాక్టరుగారు చెప్పినట్టు వచ్చే వారమే కీమో మొదలుపెట్టడం ఒక దారి. జబ్బు నిజంగా స్మాల్ సెల్ అయితే అది సరైన నిర్ణయం, అప్పుడు నెలలు జాప్యం చేయడం ప్రాణం మీదికి తెస్తుంది. కార్సినాయిడ్ అయితే ఆ మందుల వల్ల కలిగే మేలు చాలా తక్కువ, ఆపరేషన్ వెనక్కి పోతుంది, పైగా మీ అమ్మగారి విషయంలో మూత్రపిండాలు ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషికి క్రియాటినిన్ 1.8 అన్నది చివర ఒక్క వాక్యంలో రాయదగ్గ సంగతి కాదమ్మా, మొదట చెప్పవలసినది. స్మాల్ సెల్‌కు వాడే సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను నేరుగా దెబ్బతీయగలదు. దాని స్థానంలో కార్బోప్లాటిన్ ఇచ్చే వీలుంది, దాని మోతాదును మూత్రపిండాల శక్తిని బట్టే లెక్కిస్తారు. స్కాన్‌కు నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు విషయంలోనూ జాగ్రత్త అవసరం. మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ అంకెను ప్రతి డాక్టరుకూ నోటితో చెప్పండి, ఫైల్‌లో ఉందిలే అనుకోకండి.

రెండో దారి, ఉన్న ముక్కనే ఈ రకం కణితులు తరచూ చూసే పాథాలజిస్టుతో తిరిగి చూపించడం. టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరలోనే, విశాఖ అగనంపూడిలో ఉంది. పాత ఎక్స్‌రే, కొత్త సీటీ, రెండు రిపోర్టులు, స్లైడ్లు, ముక్కను పొదిగి ఉంచిన మైనపు దిమ్మ అన్నీ ఒకేచోట ఒకేసారి చూస్తే, ఒక్కొక్కటీ విడిగా చెప్పనిది కలిపి చెబుతాయి. దీనికి వారం, పది రోజులు పట్టవచ్చు. చికిత్స చేసే డాక్టరుగారితో, ‘కేఐ-67 ఆరు శాతమే వచ్చింది కదండీ, ఆర్‌బీ, పీ53 చూశాక మొదలుపెడదామా? అంతవరకు ఆగడం వల్ల ప్రమాదం ఉందంటారా?’ అని మర్యాదగా అడగండి. ఆయన ఆగకూడదంటే కారణం చెబుతారు. ఊపిరి అందకపోవడం, ముఖం ఉబ్బడం వంటి లక్షణాలు ఉంటే ఆ కారణం బలమైనదే. నేనైతే ఈ దారికే మొగ్గుతాను.

మూడోది మళ్ళీ బయాప్సీ. పెద్ద ముక్క దొరికితే సందేహం చాలావరకు తీరిపోతుంది. కానీ కార్సినాయిడ్‌లకు రక్తనాళాలు ఎక్కువ, ముక్క తీసేటప్పుడు నెత్తురు పోయే ప్రమాదం ఉంటుంది. ఉన్న ముక్క ఏమీ చెప్పలేదని తేలాకే దానికి వెళ్ళడం మంచిది. దానికి ముందు డోటాటేట్ పెట్ స్కాన్ అనే పరీక్షను కూడా డాక్టర్లు సూచించవచ్చు, కార్సినాయిడ్ కణాల మీద తరచుగా ఉండే, సొమాటోస్టాటిన్ అనే హార్మోనును పట్టుకునే గ్రాహకాలను అది వెలిగించి చూపిస్తుంది. వీటిలో ఏది ఎన్టీఆర్ వైద్యసేవ కిందికి వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి.

పరిశోధనకు సంతకం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ముందు నిర్ధారణ, ఆ తర్వాత మిగిలితే పరిశోధన. మైనపు దిమ్మ నుంచి కోసే ఒక్కో పొర నాలుగు మైక్రాన్ల మందం ఉంటుంది, వెంట్రుక మందంలో పదిహేనో వంతు కూడా కాదు. అయినా దిమ్మను యంత్రానికి బిగించిన ప్రతిసారీ పైతలం సమం చేయడానికే కొన్ని పొరలు వృథా అవుతాయి, మీ అమ్మగారి ముక్క అలా రెండు మూడు సార్లలో అయిపోవచ్చు. అందుచేత నిర్ధారణకు కావలసిన పొరలన్నీ ఒకే విడతలో కోయమని అడగండి. పరిశోధన చేసే డాక్టరుగారిని అడగవలసినవీ ఉన్నాయి. నిర్ధారణ పూర్తయ్యేదాకా ముక్కను ముట్టుకోరు కదా? దీనికి నైతిక సంఘం అనుమతి ఉందా? చికిత్సకు పనికొచ్చే ఫలితం వస్తే మాకు తెలియజేస్తారా? ముక్క మాత్రమేనా, రక్తం కూడా తీసుకుంటారా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధన కోసం చేసే పరీక్షలకు మీ నుంచి డబ్బు తీసుకోకూడదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు, తప్పుకున్నందువల్ల చికిత్సలో తేడా రాకూడదు. ఒప్పుకుంటే మీ అమ్మగారికి నేరుగా కలిగే లాభం బహుశా ఏమీ ఉండదు, రేపు ఇలాంటి నలిగిన ముక్కతో వచ్చే మరొకరికి ఉంటుంది. ఒప్పుకోకపోతే ఆమెకు నష్టమూ లేదు. మేనమామగారికి ఇది చెప్పండి: ఆమె ఒంటి మీద కొత్తగా సూది కూడా గుచ్చకుండా, ఇప్పటికే తీసిన ముక్కలో మిగిలినదాన్ని చదవడం ప్రయోగం కాదు.

వదినగారి భయాన్ని తేలిగ్గా తీసేయకండి, అది ఆడపిల్ల తల్లి భయం. కణితిలో కనిపించే జన్యుమార్పులు దాదాపు ఎప్పుడూ ఆ కణితిలోనే, ఆ మనిషి జీవితకాలంలో పుట్టినవే. అవి పిల్లలకు, మనవరాళ్ళకు సంక్రమించవు. ఎంఈఎన్1 మార్పు పుట్టుకతో వచ్చే కుటుంబాలు ఉన్నమాట నిజమే కానీ, అది కార్సినాయిడ్ ఉన్నవారిలో చాలా తక్కువమందికి. మెడలోని పారాథైరాయిడ్, పిట్యుటరీ, క్లోమ గ్రంథుల్లోనూ కణితులు ఉన్న కుటుంబాల్లో దాన్ని అనుమానిస్తారు. అది తెలియాలంటే రక్తంతో వేరే పరీక్ష చేయాలి, దానికి వేరే సమ్మతి ఉండాలి. రక్తం ఇవ్వకుండా ముక్కకు మాత్రమే ఒప్పుకునే వీలుంటే అలా ఒప్పుకోవచ్చు.

చివరకు మీ మూడో ప్రశ్న. మీరు దాన్ని విడిగా అడిగారు కానీ అది మిగిలిన రెండింటితో ముడిపడి ఉంది. ఆ సంతకం పెట్టవలసింది మీరు కాదు, మీ అన్నగారూ కాదు. తెలివితో ఉన్న మనిషి ముక్కకు ఆ మనిషే సమ్మతి ఇవ్వాలి, చదువు రాకపోతే సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటారు. నిమ్ము అని చెప్పి ఆ కాగితం మీద వేలిముద్ర వేయించడం తగదు. ఆపరేషన్ అన్నా కీమో అన్నా ఇదే సంగతి. మీ ఉత్తరంలో ఆమె మాటగా రాశారు చూడండి, ‘నాకేటైందో నాకు సెప్పరేటర్రా, నానేటి సిన్నగుంటనా?’ అని. ఆమెకు ఏదో ఉందని తెలుసు. పేరు తేలకముందే భయంకరమైన పేరు చెప్పనక్కర్లేదు. ‘ఊపిరితిత్తిలో గడ్డ ఉందమ్మా, రెండు రకాలుగా చెబుతున్నారు, ఒకటి మెల్లగా పెరిగేది, ఒకటి తొందరగా పెరిగేది, ఏదో తేల్చడానికి వారం, పది రోజులు పడుతుంది’ అని నిజమే చెప్పండి. ఆ మాట చెప్పేటప్పుడు చుట్ట ప్రస్తావన తెచ్చి ఎవరూ దెప్పవద్దు. ఆపరేషన్ కావలసివస్తే ఊపిరితిత్తులు త్వరగా కోలుకోవాలి కాబట్టి చుట్ట మానమని డాక్టరు చేత చెప్పించండి, మీ అన్నగారి కోపంతో కాదు.

ఈ వారం చేయవలసిన పని ఒకటుంది. ముక్క తీసిన ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్‌కు వెళ్ళి, రిపోర్టు మీది బయాప్సీ నంబరు చెప్పి, స్లైడ్లతోపాటు మైనపు దిమ్మ కూడా కావాలని కాగితం మీద రాసి అడగండి. రెండో ల్యాబ్ దగ్గర ఉండిపోయిందేమో కూడా కనుక్కోండి. చేతికి ఇచ్చాక దిమ్మ మీద, స్లైడ్ల మీద ఉన్న నంబరు రిపోర్టు నంబరుతో సరిపోయిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఆ మైనం అరవై డిగ్రీల లోపే కరుగుతుంది, ఎండలో నిలిపిన కారు ముందు అద్దం దగ్గర అంత వేడి రావడం కష్టం కాదు. కారులో అక్కడ పెట్టవద్దు, సూట్‌కేసులో వేసి డిక్కీలోకి తోయవద్దు. దూదిలో చుట్టి చిన్న డబ్బాలో పెట్టి, అగనంపూడి చేరేదాకా మీ చేతిసంచిలోనే ఉంచుకోండి.